విజయవాడ–గుంటూరు ప్రాంతం దేని మీద బతుకుతోంది? తిరిగి వద్దామనుకుంటున్నాం, తెలిసినవారు చెప్పండి

కాలువగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లుగా నేనూ నా భార్యా పుణెలో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. నేను వాహనాలకు గేర్లు తయారు చేసే కర్మాగారంలో పని చేస్తున్నాను, ఆమె ఒక ఆస్పత్రిలో లెక్కలు చూస్తుంది. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, నాన్నగారికి ఎనభై దాటాయి. ఇద్దరూ ఊళ్లోనే ఉంటారు, మా దగ్గరికి రమ్మంటే రారు. వచ్చే జూన్‌లో మా అబ్బాయి ఎనిమిదో తరగతికి వస్తాడు కాబట్టి, తిరిగి వచ్చేది ఉంటే అంతకు ముందే తేల్చుకోవాలి.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మా వీధిలో పద్నాలుగు ఇళ్లు ఉంటే, తొమ్మిదింటికి భోగి నాడు కూడా తాళాలే కనిపించాయి. తాళం లేని ఇళ్లలోనూ అరవై ఏళ్ల లోపువారు ఇద్దరే ఉన్నారు. మంట వేయడానికి పాత కలప ఉంది గానీ, మోసుకొచ్చి వేసే కుర్రవాళ్లు లేక నాన్నగారే రెండు చెక్కలు తెచ్చి అంటించారు. అదే సాయంత్రం మంగళగిరి మీదుగా విజయవాడ వెళ్తుంటే దారి పొడవునా పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఒక గంట ప్రయాణంలో చూసిన ఈ రెండూ ఒకే ప్రాంతానివంటే నాకు ఇప్పటికీ మనసుకు ఎక్కడం లేదు.

గజం ధర ఎంత ఉంది, ఎక్కడ కొంటే పెరుగుతుంది అన్నది నేను అడగడం లేదు. అది చెప్పేవారు నాకు రోజుకు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంతానికి ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఆ డబ్బు ఎవరి చేతుల్లో తిరుగుతోంది, ఇక్కడ ఉంటున్నవారు ఎవరు, వెళ్లిపోయినవారు ఎవరు, మాలాంటి కుటుంబం వచ్చి పని చేసుకుంటూ బతకగలదా అన్నది తెలుసుకోవాలని ఉంది. అక్కడే ఉండి రోజూ చూస్తున్నవారు కాస్త వివరంగా రాస్తే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఎన్యూమరేటర్

కాలువగట్టు గారూ, నేను గుంటూరు జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1991, 2001, 2011 జనగణనల్లో మూడుసార్లూ ఇంటింటికీ తిరిగాను కాబట్టి జనం గురించి నాకు తెలిసినంత రాస్తాను.

2011 లెక్కల ప్రకారం పాత (2022 విభజనకు ముందటి) కృష్ణా జిల్లా జనాభా 45 లక్షల పైచిలుకు, పాత గుంటూరు జిల్లా జనాభా 48 లక్షల పైచిలుకు. ఈ అంకెల కంటే అవి పెరిగిన తీరు ముఖ్యమైనది. అంతకు ముందటి పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం పెరిగితే, కృష్ణా జిల్లాలో 8 శాతం లోపు, గుంటూరు జిల్లాలో 10 శాతం లోపు మాత్రమే పెరిగింది. గుంటూరు జిల్లాలో వెయ్యి మంది మగవారికి 1003 మంది ఆడవారు నమోదయ్యారు. ఆ అంకె చూసి చాలామంది సంతోషించారు. సంతోషించవలసినది అందులో కొంత ఉన్నా, పని వయసులో ఉన్న మగవారు ఊరు విడిచి వెళ్లడం కూడా అందులో కలిసి ఉందని ఇళ్లు తిరిగినవాడిగా నాకు అనిపించింది.

మీరు చూసిన తాళాల సంగతి మాకు ఆనాడే కనిపించింది. జనగణనకు ముందు ఇళ్ల జాబితా రాసేటప్పుడు ప్రతి తలుపు పక్కన సంఖ్య వేసి, ఆ ఇంటిని దేనికి వాడుతున్నారో నమోదు చేస్తాం. 1991 జనగణనకు నాకిచ్చిన పల్లెలో ‘ఖాళీ’ అని రాసిన ఇళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2010లో అదే పల్లెకు మళ్లీ నన్నే వేశారు. ఒక వీధి మొత్తం తిరిగేసరికి, ‘ఖాళీ’ అన్న మాట ఎన్నిసార్లు రాశానో చూసుకుని కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ ఇళ్లేమీ పాడుపడ్డవి కావు. రంగులు వేసినవి, మొక్కలకు నీళ్లు పోయడానికి మనిషిని పెట్టినవి, అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లలు పంపిన డబ్బుతో కట్టినవి.

వలస మనకు కొత్త కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నీటి వ్యవసాయం స్థిరపడింది. పొలం విలువ తెలిసిన కుటుంబాలు ఇక్కడ ఒక ఎకరం అమ్మి, కొత్తగా కాలువలు పడిన చోట నాలుగు ఎకరాలు కొనుక్కునేవి. నిజామాబాదు జిల్లాకు అలాగే వెళ్లారు, కర్ణాటకలో తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి వైపుకూ అలాగే వెళ్లారు. అక్కడ మనవారి పల్లెలను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే అంటారు. ఆ తరం భూమి కోసం వెళ్లింది, దాని పిల్లలు చదువు కోసం వెళ్లారు. పొలం మీద మిగిలిన డబ్బును బిడ్డ చదువులో పెట్టడం ఇక్కడి కుటుంబాలకు మూడు తరాల అలవాటు. చదివిన బిడ్డకు తగిన పని ఇక్కడ దొరకకపోవడం వల్ల ఆ పెట్టుబడి ఫలితం వేరే ఊళ్లలో తేలుతోంది.

పుట్టుకలు కూడా తగ్గాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994 నుంచి ఉన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించిందంటే, పాలకులకు కూడా ఈ సంగతి అర్థమైందన్న మాట. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతోంది. విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో 2001లో 8.51 లక్షల మంది, 2011లో 10.34 లక్షల మంది ఉన్నారు. జిల్లా అంతా నిలిచిపోయినట్టున్న పదేళ్లలోనే ఆ నగరం అంత పెరిగింది. పల్లెలో తాళం పడిన ఇంటివారిలో కొందరు అమెరికా దాకా వెళ్లకుండా మంగళగిరి దగ్గరే ఆగారు. మీరు చూసిన రెండు దృశ్యాలకు ఉన్న చుట్టరికం అదే.

పట్నంబజారు

మాస్టారు జనం గురించి చెప్పారు కాబట్టి, నేను గుంటూరు డబ్బు గురించి చెబుతాను. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. నేను ఇరవై రెండేళ్లుగా అక్కడే కమీషన్ వ్యాపారంలో ఉన్నాను.

గుంటూరు అనగానే మిర్చి పండే ఊరు అనుకుంటారు. పంటలో ఎక్కువ భాగం పండేది పల్నాడులో. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత అక్కడి మెట్ట పొలాల తీరే మారిపోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు పల్నాడు వేరే జిల్లా అయింది, యార్డు గుంటూరులో మిగిలింది. ప్రకాశం, కర్నూలు వైపుల నుంచి, తెలంగాణ, కర్ణాటకల నుంచి కూడా సరుకు ఇక్కడికే వస్తుంది. ఆసియాలో ఇంత పెద్ద మిర్చి మార్కెట్ ఇంకొకటి లేదని చెబుతారు. ఊరి చుట్టూ వందకు పైగా శీతల గిడ్డంగులు ఉన్నాయి. ధర లేని ఏడాది రైతు సరుకును వాటిలో పెట్టి, దాని మీదే అప్పు తెచ్చుకుంటాడు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారకముందే వచ్చి చూడండి. లారీల నుంచి టిక్కీలు దిగుతుంటాయి. ఎర్రగోతాల్లో కుక్కి, కుట్టిన బస్తాను మేము టిక్కీ అంటాం, నలభై కిలోల పైన తూగుతుంది. బ్రోకరు గోతం నోరు విప్పి రెండు కాయలు తీస్తాడు, విరుస్తాడు, తేమ చూస్తాడు, గింజ రంగు చూస్తాడు. తేజనా, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 రకమా, బ్యాడిగా అన్నది రైతు చెప్పక ముందే అతనికి తెలిసిపోతుంది. రంగు తేలిపోయి తెల్లబారిన తాలు కాయలు ఎక్కువగా తగిలితే ధర అక్కడే పడిపోతుంది. ఒక కుటుంబం ఏడాదంతా పడిన కష్టానికి వెల అరనిమిషంలో తేలుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో రైతు ముఖం వైపు చూడాలంటే నాకు ధైర్యం చాలదు.

2021–22లో నల్ల తామర పురుగు వచ్చి చేలకు చేలు పూతలోనే మాడిపోయాయి. పంట తగ్గడంతో తరువాత ధర పెరిగింది, ధర చూసి అందరూ మిర్చే వేశారు. 2025 ఆరంభానికి ధర ఎంత పడిపోయిందంటే, క్వింటాకు 11,781 రూపాయలను ఆధారంగా పెట్టి ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకాన్ని కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. ఎకరానికి రెండు లక్షలు పెట్టుబడి పెట్టిన కౌలు రైతులు నాకు తెలుసు. గుంటూరు బజారులో చీరల దుకాణం నుంచి బంగారం కొట్టు దాకా ఈ ధర మీదే ఆధారపడి ఉంటుంది. తేజ ధర బాగున్న ఏడాది పట్నంబజారులో నడవడానికి చోటుండదు.

ఆడవారి పని గురించి చెప్పకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. ఎగుమతికి వెళ్లే కాయకు ముచ్చిక (తొడిమ) తీయాలి. గోదాముల్లో నేల మీద కూర్చుని రోజంతా ముచ్చికలు తీసేవారు వేలమంది ఆడవారు. ముక్కుకు పైట చెంగు కట్టుకుంటారు, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు, అయినా రాత్రి పసిపిల్లను ఎత్తుకోవాలంటే భయమని ఒకామె నాతో అన్నది. తీసిన కిలోల మీదే కూలి లెక్క. ఏప్రిల్ తరువాత సరుకు తగ్గుతుంది, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, ముఠా కూలీలూ వీరూ వేరే పని వెతుక్కోవాలి. ఈ ఊరి సంపద నిలబడింది ఇలాంటి పని మీద.

కాలువగట్టు గారూ, మీ శ్రీమతిగారి ఉద్యోగం విషయంలో మాత్రం నాకు బెంగ లేదు. కొత్తపేటలో సందుకొక ఆస్పత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. లెక్కలు తెలిసినవారు అన్ని చోట్లా కావాలి. జీతం పుణెలో వచ్చినంత రాదు, అది ముందే మనసుకు చెప్పుకోండి.

రైవస్ కాలువ

మాది విజయవాడ. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను, ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతాను. నగరం గురించి, ఇక్కడి రోజువారీ బతుకు గురించి కొంత రాయాలనిపించింది.

ఈ ఊరు బతికేది దారుల కూడలి కావడం వల్ల. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు రహదారి, పుణె నుంచి హైదరాబాదు మీదుగా బందరు వెళ్లే 65వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి (మీరిప్పుడు ఉంటున్న ఊరి దారి మా బెంజి సర్కిల్ మీదుగా సముద్రానికి వెళ్తుందన్న మాట). ఉత్తరాది నుంచి దక్షిణాదికి పోయే రైళ్లలో చాలా వరకు ఇక్కడ ఆగి వెళ్తాయి. 1960ల నాటి ఆటోనగర్ (బళ్ల మరమ్మతుల వాడ) పెరిగింది కూడా ఆ దారుల మీద తిరిగే లారీల వల్లనే. గేర్లు మీ వృత్తి కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. మా మామయ్య అక్కడ లారీ బాడీలు కట్టేవారు. కంపెనీలే తయారు క్యాబిన్‌తో బళ్లు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ పని తగ్గింది. 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే కొత్త ప్రమాణం బీఎస్–6 ఇంజన్లు వచ్చాక, చెవి పెట్టి విని జబ్బు చెప్పే పాత మేస్త్రీలకు కంప్యూటరు తెలిసిన కుర్రవాడి సాయం అవసరమైంది. అంత చేయి తిరిగిన పనివారు ఒకే చోట ఉన్న ఊరు మన రాష్ట్రంలో ఇంకొకటి లేదు. వారికి కొత్త విద్య నేర్పగల మనిషికి అక్కడ చోటు తప్పకుండా ఉంటుంది.

బడుల గురించి నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు. ఇంటర్మీడియట్ చదువు ఇక్కడ పెద్ద వ్యాపారం. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలను తెచ్చి వసతి గృహాల్లో పెడతారు, తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా చదివిస్తారు. ఆ పిల్లల భోజనం, బట్టలు, పుస్తకాలు, ఆదివారం వచ్చే తల్లిదండ్రుల ప్రయాణం, ఇవన్నీ ఊరికి ఆదాయమే. నా దగ్గర పదో తరగతి దాకా బొమ్మలు వేసిన ఒక అబ్బాయి, అటువంటి కళాశాలలో ఆరు నెలలు ఉండి వచ్చాక పెన్సిల్ పట్టుకోవడం మానేశాడు. మీ అబ్బాయిని ఇంట్లో ఉంచుకుని చదివించండి. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సని వచ్చి అడుగుతారు, తొందరపడకండి.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది ధర చూసి కాదు, నీటి దారి చూసి తేల్చుకోండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. అయినా సింగ్‌నగర్‌ను ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే చిన్న ఏరు అది. దాని దారిలో ఇళ్లు కట్టుకున్నాం కాబట్టి అది మన ఇళ్లలోంచి నడిచింది. కృష్ణ ఒడ్డున రక్షణ గోడ కట్టిన కృష్ణలంక మాత్రం ఈసారి నిలబడింది. మా చెల్లెలు సింగ్‌నగర్‌లో ఐదు రోజులు మేడ మీదే ఉంది. నీళ్లు తీశాక మేం వెళ్తే, గోడకు నా భుజం ఎత్తున బురద గీత, దాని కింద పిల్లల నోటుపుస్తకాలన్నీ ముద్దగా అతుక్కుని ఉన్నాయి. ఆమె ఆస్పత్రిలో బిల్లులు రాసి నెలకు పద్నాలుగు వేలు తెచ్చుకుంటుంది. కొత్త ఫ్రిజ్, మంచాలు, కుట్టుమిషను మళ్లీ కొనుక్కునేసరికి ఏడాది పైగా పట్టింది. ఎదిగే నగరంలో నష్టం భరించేది ఎప్పుడూ పల్లంలో చవకగా ఇల్లు దొరికినవారే.

మేలు జరిగినదీ చెబుతాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది. మా పాఠశాల ఆయా ఉయ్యూరు దగ్గర పల్లె నుంచి వస్తుంది. ముందు చార్జీలకే జీతంలో పెద్ద భాగం పోయేదట, ఇప్పుడు ఆ డబ్బుతో కూతురిని డిగ్రీలో చేర్పించింది. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడ ఒకే ఊరిలా మారుతుండడం ఇలాంటి ప్రయాణాల్లోనే బాగా తెలుస్తుంది.

చిలకలపూడి

కోస్తా అని మనం అంటాం గానీ, 2022 విభజన తరువాత విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాకు గానీ, గుంటూరు జిల్లాకు గానీ సముద్రతీరమే లేదని మీలో ఎంతమంది గమనించారో తెలియదు. తీరమంతా మా కృష్ణా జిల్లాకూ, కొత్తగా ఏర్పడిన బాపట్లకూ వచ్చింది. ఇప్పటిదాకా రాసినవారెవరూ సముద్రం మాట ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది బందరు.

1611లోనే ఇంగ్లీషువారు వచ్చి వర్తకం మొదలుపెట్టిన రేవు మాది. 1864 నవంబరు ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారని రాస్తారు. ఆ తరువాత రేవు కోలుకోలేదు. వర్తకం పోయినా చేతి పనులు మిగిలాయి. పెడనలో కలంకారీ అద్దకం, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు ఇప్పటికీ వేల ఇళ్లకు తిండి పెడుతున్నాయి. ఓడరేవుకు 2008లో, 2019లో, 2023లో మూడుసార్లు పునాదిరాయి పడింది. మూడోసారి తరువాత పనులు నిజంగానే నడుస్తున్నాయి, సముద్రంలోకి రాళ్ల గోడలు కనిపిస్తున్నాయి. మా నాన్నగారు బతికి ఉంటే చూసి ఉండేవారని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో ఏం జరిగిందో మా ఇళ్లలో చెప్పుకోని ఏడాది ఉండదు. పది వేల మందికి పైగా ఒక్క రాత్రిలో పోయారు. ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు, ముందస్తు హెచ్చరికలు మెరుగయ్యాయి. ఇప్పుడు తుపాను వస్తే ప్రాణాలు దక్కుతున్నాయి. పంటలు, పడవలు, చెరువులు దక్కడం లేదు.

నాగాయలంక, కోడూరు వైపు వెళ్తే ఒకప్పటి వరి పొలాలు ఇప్పుడు రొయ్యల చెరువులు. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక ఈ సాగు ఎంత వేగంగా పెరిగిందో చెప్పలేను. మా అన్నయ్య నాలుగు ఎకరాల చెరువు చేస్తాడు. రాత్రి రెండు గంటలప్పుడు చెరువులో ప్రాణవాయువు తగ్గుతుంది, నీటిని చిమ్మే ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే జనరేటరు వేయాలి. ఆ చక్రాల గేర్ బాక్సుల్లోకి ఉప్పునీరు చేరి సీళ్లు పాడైపోతుంటాయి. పోయిన వేసవిలో ఒకే రాత్రి రెండు ఆగిపోయాయి. బాగుచేసే మనిషి భీమవరం నుంచి రావాలన్నారు, అతను వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. తెల్లారేసరికే రొయ్యలు తెల్లగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అన్నయ్య వలతో వాటిని తీస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మూడు నెలల మేత, పిల్లల ఫీజు, వదిన తాకట్టు పెట్టిన గాజులు అన్నీ ఆ చెరువులోనే ఉన్నాయి.

పండించినా అమ్మకం మన చేతుల్లో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, కౌంటు ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కతో కట్టేవి) మా ఊరి చెరువుగట్టు మీద పడిపోయాయి. పక్కన ఉన్న వరి రైతుకు ఇంకో బాధ ఉంది. చెరువుల ఉప్పు ఊట పొలంలోకి దిగుతోంది, తాగునీటి బోర్లు చెడిపోతున్నాయి. కాలువ చివరి భూములకు పై నుంచి మంచినీరు సరిగా రానప్పుడు సముద్రపు నీరు లోపలికి వస్తుంది. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు ఎత్తిపోసి డెల్టాకు ఇస్తున్నప్పటి నుంచి నాట్లు కొంత ముందుకు జరిగాయి, అది మేలే. చివరి ఎకరం దాకా ఆ నీరు వస్తోందా అని అడగడానికి మాత్రం పెద్ద నగరాల్లో ఎవరికీ తీరిక ఉండదు.

వేట చేసేవారి మాట కూడా రాస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచారు. గిలకలదిండిలో పడవలు ఒడ్డున ఉన్న ఆ రెండు నెలలూ మగవారు వలలు అల్లుకుంటారు, కుర్రవాళ్లు విజయవాడ వచ్చి మీరు చెప్పిన ఆ అపార్టుమెంట్లకే కాంక్రీటు మోస్తారు.

కాలువగట్టు

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చిలకలపూడి గారూ, మీ అన్నయ్యగారి చెరువు సంగతి చదివి నిన్న రాత్రంతా అదే ఆలోచించాను. ఉప్పునీటికి తట్టుకునే సీళ్లు, గేర్ బాక్సులు నేను పదేళ్లుగా చేస్తున్న పనికి చాలా దగ్గరివి. ఆ పాడైన గేర్ బాక్సు ఇంకా ఉంటే పారేయవద్దని చెప్పగలరా? ఇంకొక మాట. మా నాన్నగారి నాలుగు ఎకరాల మాగాణి ఇప్పుడు కౌలుకు ఇచ్చి ఉంది. మేం వస్తే అది ఏం చేయడం న్యాయం?

జరీబు నేల

పొలం మాట వచ్చింది కాబట్టి నేను రాస్తాను. మాది అమరావతి కోసం భూములిచ్చిన 29 ఊళ్లలో ఒకటి. కృష్ణ ఒడ్డున ఏడాది పొడవునా ఏదో ఒకటి పండే జరీబు భూమి మాది. పూలు, కూరలు, అరటి వేసేవాళ్లం. భూసమీకరణలో ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, ఏడాదికి 50 వేల కౌలు అన్నారు, సంతకం పెట్టాను. 2015 అక్టోబరులో శంకుస్థాపన రోజు మా ఇంటిల్లిపాదీ వెళ్లాం. 2019లో పనులు ఆగిపోయాయి, 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్య కాలంలో రాజధాని ఇక్కడే ఉండాలని మా ఆడవాళ్లు దీక్షా శిబిరంలో కూర్చున్నారు. ఇప్పుడు క్రేన్లు తిరుగుతున్నాయి, సంతోషమే.

నేను చెప్పదలచుకున్నది మా పొలంలో పనిచేసినవారి గురించి. భూమి ఉన్న మాకు స్థలాలు వచ్చాయి. మా చేలో కూరలు కోసిన ఆరుగురు కూలీలకు భూమి లేదు కాబట్టి నెలకు 2,500 పింఛను వచ్చింది, 2024లో దాన్ని 5,000 చేశారు. వారిలో ఇద్దరు గుంటూరు వెళ్లి మిర్చి ముచ్చికలు తీస్తున్నారు.

మీ కౌలు రైతు విషయానికి వస్తే, డెల్టాలో ఇప్పుడు నాగలి పట్టేది చాలా చోట్ల కౌలుదారే. సార్వా (వానకాలపు) వరి కోసే ముందు ఆ చేలోనే మినుములు చల్లి, మంచు పదునుకే పంట తీసేవాడు అతనే. పంట పోతే పరిహారం, బ్యాంకు అప్పు అతనికి రావాలంటే సాగుదారు హక్కు పత్రం ఉండాలి, దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమో అన్న భయంతో చాలామంది పెట్టరు. ఆ పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, దానివల్ల యాజమాన్య హక్కు ఎక్కడికీ పోదు. మీరు వచ్చినా రాకపోయినా ఆ సంతకం మాత్రం పెట్టించండి.

చిలకలపూడి

కాలువగట్టు గారూ, ఇప్పుడే అన్నయ్యతో మాట్లాడాను. రెండు గేర్ బాక్సులూ మోటారు షెడ్డులో గోనెపట్టా కింద ఉన్నాయట. అటువంటివే పక్క చెరువుల వారి దగ్గర ఇంకో పదీ పన్నెండు ఉంటాయని, మీరు ఏ రోజు వచ్చేదీ చెబితే అన్నీ ఒక చోట చేర్చి పెడతానని అన్నాడు. ఫిబ్రవరిలో అయితే చెరువులు ఎండగట్టి ఉంటాయి, తీరిగ్గా చూడవచ్చు.

కాలువగట్టు

ఫిబ్రవరి రెండో వారంలో ఇరవై రోజుల సెలవు పెడుతున్నాను. ముందు ఊరికి వెళ్లి కౌలు పత్రం మీద నాన్నగారి చేత సంతకం పెట్టిస్తాను, మరునాడే నాగాయలంక వస్తాను. మా అబ్బాయిని కూడా తీసుకొస్తున్నాను, చెరువు వాడు ఎప్పుడూ చూడలేదు. రైవస్ కాలువ గారూ, ఆటోనగర్‌లో గేర్లు కోసే మేస్త్రీలు మీ మామయ్యగారికి ఎవరైనా తెలిస్తే, ఆయన వీలు చూసుకుని ఒక పూట నాతో తిరగగలరేమో దయచేసి అడగండి.